ఒకే ముంతలో పోసిన రెండు సీసాలు

కర్పూరం ఆర్పి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసేవాణ్ణి. వచ్చిన వరసలో ఒకరికి ఇనుము కలిసిన మందు, తర్వాతివారికి రంగునీళ్లు. సీసాలు ఒకేలా ఉండేవి. ఏది ఏదో నాకొక్కడికే తెలుసు.

నాదెండ్ల నుంచి ఒకావిడ కడుపుతో ఉన్న ఇద్దరు కోడళ్లను బండిలో తెచ్చింది. పెద్దకోడలికి మందు పడింది, చిన్నకోడలికి నీళ్లు.

నెల తిరక్కుండా ఆ అత్తగారు నా మీదికొచ్చింది.

"పెద్దదాని మొకం కళకళలాడతంది. చిన్నది గడప దాటలేకపోతంది. ఏందయ్యా ఇది?"

"ఓపిక పట్టమ్మా."

"పట్టేది నువ్వా, అదా? గరిటెడు కూరైనా ఇద్దరికీ సమంగా ఏసేదాన్ని నేను!"

ఇంటికెళ్లి రెండు సీసాలూ ఒకే ముంతలో పోసి, ఇద్దరికీ సమంగా తాగించింది. నా లెక్క తప్పింది గానీ ఇద్దరూ సుఖంగా కన్నారు.

ముంత దగ్గర్నుంచి నా కల్పన. నిజానికి ఆవిడ "కలిపి పొయ్యనా?" అని నన్నే అడిగింది. పరిశోధన పాడవుతుందని, కలిపితే విషమవుతుందని బెదిరించాను. ఆవిడ నమ్మింది. చిన్నకోడలు కానుపులో పోయింది. నా పట్టికలో ఆ గడి నేననుకున్నట్టే నిండింది.