దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను

పాప పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది యాదమ్మ. మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే మనిషి. రోజూ గేటుకు సంచీ తగిలించి వెళ్లిపోయేది. ఆ ఉదయం మాత్రం ప్యాకెట్లు చేతిలో పట్టుకుని నిలబడింది. "అమ్మా, మీ పైనింటి రజిత బిడ్డ లేదంట. దవాఖానలనే పానం వోయిందంట" అంది. నేను తులసికోటలో నీళ్లు పోస్తున్నాను. పోయడం ఆపలేదు. చెంబు ఖాళీ అయిపోయినా వంచే ఉంచాను.

ఆ మాట విని చాలా ఏళ్లయింది. అప్పటినుంచి ఒక బరువు మోస్తున్నాను. దించుకుందామని రాయడం లేదు. దీన్ని దించే చోటు ఎక్కడా లేదని నాకు తెలుసు. కానీ మోస్తున్నానన్న సంగతైనా ఒకరికి తెలియాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇందులోనూ పిరికితనం ఉంది. ఉందనే చెబుతున్నాను.

నేను బడికి వెళ్లలేదు. తాతగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అక్షరాలు, పద్యాలు, పురాణాలు. వాటితో పాటు ఒక అలవాటు కూడా నేర్పారు. పొద్దున్నే కళ్లు తెరవగానే, ఉన్నవాటికి దేవుడికి దండం పెట్టుకోవడం. కుళాయిలో నీళ్లొస్తే దండం. మోకాలి నొప్పి కాస్త తగ్గితే దండం. ఇప్పటికీ మానలేదు. ఆ వేసవిలో నేను అన్నిటికంటే ఎక్కువగా దండం పెట్టుకున్నది ఏసీకి.

నవ్వుకోకండి. నాకది మామూలు వస్తువు కాదు. మల్కాజిగిరిలో మా అత్తగారిది పెద్ద ఉమ్మడి కుటుంబం. అక్కడ అన్నిటికీ వాటాలే. మామిడిపండు కోస్తే ముక్కలు మగవాళ్లకూ పిల్లలకూ, టెంకలు కోడళ్లకు. ఫ్యాను కింద పడుకునే చోటుకు కూడా వరసలుండేవి. నా వరస ఎప్పుడూ గుమ్మం దగ్గర. వేరుపడి నాచారంలో ఇల్లు కట్టుకున్నాక, చాలాకాలానికి మావారు ఒక ఏసీ కొన్నారు. మధ్య గదిలో బిగించారు. పసుపు రాసి బొట్టు పెట్టాను. మొదటిసారి ఆ గాలి మొహానికి తగిలినప్పుడు ఏడుపొచ్చింది. ఎవరికీ వాటా వేయక్కర్లేని వస్తువు నా జీవితంలో అదొక్కటే.

వారం తిరక్కుండానే వంటింట్లో ఉన్న దేవుడి మందిరాన్ని ఆ గదిలోకి మార్చాను. చిన్న చెక్క మందిరం, నాలుగు పటాలు, ఒక రాతి విగ్రహం. పూలు వాడిపోకుండా ఉంటాయని చెప్పాను. మావారు నవ్వారు. "ఏమోయ్, స్వామికి జలుబు చేస్తుంది. ఒక మఫ్లర్ కూడా చుట్టు." ఆయనకు తెలుసు, నేను చల్లగా కూర్చుని పారాయణం చేసుకోవడానికే దేవుణ్ణి మార్చానని. ఆ ఎగతాళిలో కోపం లేదు. ఆయనకు దేనిమీదా పెద్ద కోపం ఉండేది కాదు.

మా డాబా మీద రేకుల గది ఒకటుండేది. అందులో రజిత, శ్రీశైలం అద్దెకుండేవారు. జనగామ దిక్కు పిల్లలు. అతనికి దగ్గర్లోని కార్ఖానాలో షిఫ్టు పని. రజితకు తల్లి లేదు, అందుకని పురుడు ఇక్కడే పోసుకుంది. రజిత అత్తగారు వచ్చి కొన్నాళ్లుండి, చెవులకు గుడ్డ కట్టుకోమనీ, చల్లగాలి తగలనివ్వద్దనీ, మంచినీళ్లు ఎక్కువ తాగొద్దనీ చెప్పి ఊరికి వెళ్లిపోయింది. పిల్లకు ఇంకా తొట్టెల వేడుక కూడా చేయలేదు. పేరు పెట్టలేదు. అందరం పాప అనే అనేవాళ్లం.

నేను వాళ్లకు ఏమీ చేయలేదని కాదు. రోజూ మజ్జిగ పంపేదాన్ని. కారప్పొడి కొట్టి ఇచ్చాను. పాత చీరలు చింపి పాపకు మెత్తటి గుడ్డలు కుట్టాను. ఇవన్నీ ఎందుకు రాస్తున్నాను? నేను చెడ్డదాన్ని కాదని మీరు అనుకోవాలనేనా? కావచ్చు. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, నేను పంపినవన్నీ నాకు మిగిలినవే. ఇస్తే నాకు తగ్గిపోయే వస్తువు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి, నేను చాలా ఇచ్చే మనిషినని నమ్ముతూ బతికాను.

ఆ మధ్యాహ్నం దాన్ని అడిగారు.

ఎండలు ముదిరిన రోజులు. డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకురావడానికే భయమేసేది. మావారు ఇంట్లో లేరు. భోజనం చేసి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. తీసి చూస్తే రజిత. చెవులకు గుడ్డ, మెడంతా చెమట, రొమ్ముకు హత్తుకున్న పాప. పాప మొహం కందిపోయి ఉంది. ఏడవడం లేదు. ఏడవడం లేదే అని నాకప్పుడు తట్టనేలేదు. గోల చేయని పిల్ల అనుకున్నాను.

"ఆంటీ, పైన రేకులు మస్తు కాలుతున్నయ్. పాప పొద్దుగాల్నుంచి పాలు గుంజుతలేదు. జర మీ రూంల పండవెడ్త. ఎండ తగ్గేదాంక."

తలుపు సందులోంచి చల్లగాలి బయటికి పోతోంది. నాకు గుర్తుంది, నా చూపు పాప మీద లేదు, ఆ సందు మీద ఉంది.

"అందులో దేవుడున్నాడమ్మా" అన్నాను. "నీకింకా పురుడు వెళ్లలేదు కదా."

"నేను రాను ఆంటీ. మైల గద, నాకెర్కే. గడప ఇవతల్నే కూసుంట. పాపనొక్కదాన్నే పండవెడ్త."

"పాపకూ మైలేనమ్మా."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. మెత్తగా, జాలిగా, పెద్దదాన్ని చెబుతున్నట్టుగా వచ్చింది. రజిత నా మొహంలోకి చూసింది. వాదించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"పసిపిల్లను దేవుడేమంటడు ఆంటీ?"

కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి ఇచ్చాను. తడిగుడ్డతో తుడవమన్నాను. "సరే తియ్ ఆంటీ, మీరు ఫికర్ జేయకున్రి" అని, ఒక చేత్తో పాపను, ఒక చేత్తో చెంబును పట్టుకుని మెట్లెక్కింది. నేనేదో ఫికరు పడుతున్నట్టు, నన్నే ఊరుకోబెట్టి వెళ్లింది.

తలుపేసుకున్నాను. కూర్చుని పారాయణం పూర్తి చేశాను. కాసేపు నిద్ర కూడా పోయాను. ఆ గదిలో తలుపులు వేసి ఉంటే పైన ఏమవుతున్నా వినపడదు.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన శ్రీశైలం పాపను చూసి, ఆటో పిలిచి ఉప్పల్‌లో ఒక దవాఖానాకు తీసుకుపోయాడు. వడదెబ్బ అన్నారట. ఒంట్లో నీళ్లే లేవన్నారట. తెల్లవారాక యాదమ్మ వచ్చింది.

ఇప్పుడు నన్ను నేను అడిగే ప్రశ్న ఇది. మైలా, కాదా? తాతగారి దగ్గర నేర్చుకున్న మనిషిని, నాకు తెలియకనా? ఒకసారి మా ఊళ్లో వాన ముంచెత్తితే, ఆయన పురుడు వెళ్లని బాలింతను తెచ్చి దేవుడి గదిలోనే పడుకోబెట్టారు. నానమ్మ గొణిగితే, ప్రాణం మీదికొచ్చినప్పుడు మడి మాట ఎత్తకూడదన్నారు. అది నా కళ్లారా చూశాను. పోనీ, మైలే అనుకుందాం. ఆ మందిరాన్ని వంటింట్లోకి మార్చడానికి ఎంతసేపు పడుతుంది? చలవ కోసం నేనే మోసుకొచ్చిన మందిరం అది.

మడి కాదు. నాకు ఆ గది కావాలి. అంతే. ఒకరోజు రానిస్తే రోజూ వస్తుందనుకున్నాను. పాప పక్క తడిపితే వాసనేస్తుందనుకున్నాను. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారనుకున్నాను. మళ్లీ నేను గుమ్మం దగ్గరికి వెళ్లాల్సి వస్తుందనుకున్నాను. ఇన్ని అనుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో చేతికి దొరికిన సాకు దేవుడు.

ఇంతవరకే అయితే, నా లోభం నాది అని ఏనాడో ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను.

ఆ పొద్దున మావారు చెప్పులైనా వేసుకోకుండా గేటు దగ్గరికి వచ్చారు. యాదమ్మ అక్కడే ఉంది. పక్క వాటా ఆవిడ కూడా వచ్చింది. "అంత ఎండలో ఆ పిల్ల పైనెందుకు ఉందే? కిందికి రమ్మనలేకపోయావా, మన గదిలో పడుకోబెట్టుకునేది కదా?" అన్నారు ఆయన.

"రమ్మన్నానండీ" అన్నాను. "బాలింతకు చల్లగాలి పడదని తనే రానంది."

ముందుగా అనుకుని అనలేదు. కానీ ఎంత చక్కగా అమరిందో చూడండి. రజిత చెవులకు గుడ్డ కట్టుకుని తిరగడం అందరూ చూశారు. అత్తగారి ఆంక్షలు అందరూ విన్నారు. ఎవరూ రెండోసారి అడగలేదు. "అయ్యో, గా ముసల్దాని మాటలినే గిట్లయింది" అని యాదమ్మ కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నానికి ఆ మాట వీధి చివరిదాకా పోయింది. ఓనరమ్మ రమ్మన్నా పోలేదట. ఏసీ గది ఉంచుకుని పిల్లను రేకుల కింద పెట్టుకుందట.

వాళ్లు ఊళ్లో కార్యం ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆ మాట వాళ్లకంటే ముందే పైకెక్కి కూర్చుంది. డాబా మీదినుంచి శ్రీశైలం అరుపులు వినిపించాయి. "పిలిస్తే పోనీకేం రోగమే నీకు? సంపుకున్నవ్ పిల్లను!" రజిత గొంతు వినపడలేదు. నేను తులసికోట దగ్గర నిలబడి అంతా విన్నాను. మెట్లెక్కి వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. అన్ని మెట్లు ఎక్కడానికి మోకాళ్లు సహకరించలేదని చెప్పుకున్నాను. అప్పటికి నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

తర్వాత వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు రజిత తాళంచెవి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం నేనిచ్చిన చెంబును కూడా కడిగి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మావారు పోయారు. నేను రమ్మన్నాననే నమ్మి పోయారు. ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే ఆయన నన్ను తిట్టరు, చిన్నబోయి ఊరుకుంటారు. అది చూడలేక చెప్పలేదు.

ఈమధ్య ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ఎవరో వంగి కాళ్లకు దండం పెట్టారు. శ్రీశైలం. జుట్టు నెరిసింది. పక్కన రజిత, చేతిలో కూరగాయల సంచి. మేడిపల్లిలో ఉంటున్నారట. మళ్లీ పిల్లలు కలగలేదట.

"బాగున్నరా ఆంటీ? సార్ పోయిన్రని విన్నం" అన్నాడు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు రజిత మీద. "ఆంటీ, మీకు జెప్పలె గనీ, ఇది అప్పట్ల ఏమన్నదో ఎర్కేనా? మీరే వద్దన్నరని. నేనొకటే మాటన్న. ఆమె దేవుని మనిషే, అబద్ధమాడుతదానే, అని. తప్పు జేసి పక్కోళ్ల మీద వెడ్తె అయితదా, జెప్పున్రి?"

అంటే రజిత చెప్పింది. అప్పుడే చెప్పింది. ఇన్నేళ్లుగా ఆమె మౌనంగా ఉందని నేననుకున్నాను. ఆమె నిజం చెప్పింది, నా పూజలు ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం పలికాయి. ఇంట్లో ఆమెకు రెండు తప్పులు అంటగట్టారు. బిడ్డను చంపుకుందని ఒకటి, అబద్ధం ఆడిందని ఇంకొకటి.

రజిత నన్నే చూస్తోంది. ఇప్పుడైనా చెబుతానేమోనని చూస్తోంది. నా నోరు తెరుచుకుంది. "ఎండగా ఉంది, నీడకు నిలబడండి" అన్నాను.

అంతే. అంతే అన్నాను.

రజిత సంచి చెయ్యి మార్చుకుంది. "పోదాం పా, ఆంటీకి బస్సొచ్చింది" అని అతని భుజం తట్టింది. నిజంగానే బస్సు వచ్చింది. నేను ఎక్కాను.

మేడిపల్లిలో ఏ వీధి అని అడగలేదు. అడిగితే వెళ్లాల్సి వస్తుందని భయం. ఈ రాతనైనా శ్రీశైలం చదువుతాడో లేదో నాకు తెలియదు. నా పేరు దాచుకున్నాను. ఆమె పేరు మాత్రం మార్చలేదు. దేవుడి ముందు రోజూ కూర్చుంటూనే ఉన్నాను. క్షమించమని అడగడం లేదు. ఆయన్ను ఒకసారి వాడుకున్నాను, చాలు. ఇంతవరకైనా రాయగలిగాను. దానికి కూడా అలవాటుగా దండం పెట్టుకోబోయి, చేతులు దించేశాను.

నన్ను మరిచిపోండి. రజితను గుర్తుపెట్టుకోండి. మండుటెండలో బిడ్డనెత్తుకుని కిందికి దిగి వచ్చింది. తను బయటే కూర్చుంటానంది. ఆమె అడిగింది. నేనే రానివ్వలేదు.