బారాత్ గుర్రాల పందెంలో నా డ్రోన్

ఇప్పటికి ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఆ రోజుల్లో సిద్దిపేటలో డ్రోన్ ఎగరేసేవాడికి ఉండే మర్యాదే వేరు. పెళ్లిలో పెళ్లికొడుకును వదిలేసి జనం నన్ను చూసేవాళ్లు. ఫోటో స్టూడియోలో చేరి మూడు నెలలైనా కాలేదు, రిమోట్ మీదున్న మీటల్లో సగం ఎందుకున్నాయో తెలియదు (అడిగితే తెలియదని తెలిసిపోతుందని అడగలేదు), అయినా నల్ల కళ్లద్దాలు మాత్రం కొనుక్కున్నాను. అలాంటి నన్ను చంద్లాపూర్ దగ్గర జరిగే గుర్రప్పందెం వీడియో తీసుకురమ్మని మా ఓనరన్న పంపించాడు.

పందెం అన్నానని రేసు గుర్రాలనుకునేరు. ఒక్కటి తప్ప అవన్నీ పెళ్లి బారాత్‌లకు కిరాయికి పోయే గుర్రాలు. ముహూర్తాలు లేని నెలలో వాటిని ఊరికే కట్టేసి ఉంచడమెందుకని యజమానులే పెట్టుకున్న పోటీ. అందులో మా మేనమామ గుర్రం రాణి కూడా ఉంది, దాని మీద ఎక్కేది కూడా మామే. పెండ్లికొడుకులను మోయడమే కాదు, ఉరకడం కూడా దానికి వచ్చని చూపించాలని వారం నుంచి ఆయనకు నిద్ర లేదు. మా అమ్మకు మాత్రం తమ్ముడి నడుము గురించే దిగులు. ఆయనకేమన్నా అయితే ఇంటికి రావద్దని పొద్దున్నే గట్టిగా చెప్పింది (ఎవరు రావద్దో, మామనో నేనో, అడిగే ధైర్యం లేకపోయింది).

అక్కడికి పోయాక అయోమయం మొదలైంది. గుర్రాలు బెదిరితే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది, డ్రోన్‌ను తాటిచెట్టు కంటే కిందికి దించవద్దని కమిటీ పెద్దాయన అన్నాడు. గుర్రాల ముఖాలు దగ్గరగా రాకపోతే నువ్వూ రావద్దని ఓనరన్న ఫోన్ చేశాడు. కానిస్టేబుల్ వచ్చి పర్మిషన్ ఉందా అని అడిగి, నేను నీళ్లు నములుతుంటే చూసి, జనం మీద మాత్రం తిప్పకని చెప్పి పోయాడు. రెండు పక్కలా జనం, నడుమ గుర్రాలు. మరి ఎక్కడ తిప్పాలో ఎవరూ చెప్పలేదు. పెద్దాయనకు ఇంకా నమ్మకం కుదరలేదు.

"బిడ్డా, నిజం చెప్పు. గుర్రాలు బెదరయి గదా?"

"ఏం బెదరయి తాతా. నాది గ్యారంటీ."

ఆ గ్యారంటీ నాకెక్కడిదో ఇప్పటికీ తెలియదు.

జెండా ఊపారు. ఎండకు స్క్రీన్ మీద నా ముఖం తప్ప ఏమీ కనిపించడం లేదు. గాలిలో ఉన్న డ్రోన్‌ను ఇంకా పైకి లేపుదామని ఏదో నొక్కితే అది కిందికి దిగి సరిగ్గా గుర్రాల ముందుకు పోయింది. జనం కేకలు పెట్టారు. గుర్రాలు మాత్రం బెదరలేదు. అందరికంటే ముందున్న రాణి టక్కున ఆగి, మెడ వంచి, ముందుకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి ఆడటం మొదలుపెట్టింది. వెనక వచ్చినవీ ఆగి ఆడాయి. తప్పు వాటిది కాదు. బారాత్‌లో డ్రోన్ ముందుకు దిగగానే ఆగి ఆడాలని వాటికి నేర్పింది మా స్టూడియోల వాళ్లమే కదా. ఇటుకబట్టీలో బండి లాగే గుర్రం ఒకటుంది, పెళ్లి ముఖం ఎరగనిది. అది వీటన్నిటినీ ఓసారి చూసి, పక్కనుంచి నింపాదిగా పోయి గెలిచింది.

రాణి ఆగింది గానీ మామ ఆగలేదు. దాని మెడ మీదుగా ఎగిరి దుమ్ములో పడ్డాడు, లేవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రిమోట్ అక్కడే పడేసి ఉరికాను. దగ్గరికి పోయేసరికి మామ వెల్లకిలా పడుకుని, ఇంకా ఆడుతున్న రాణిని చూస్తున్నాడు. దెబ్బ తాకిందా అని అడిగాను.

"గిది పెండ్లి కాదు, పందెమని దానికి ఎవలన్న జెప్పిన్రారా అల్లుడా?" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు డ్రోన్ నేర్పుతున్నాను. జీవాలకు ఎంత దూరంలో ఉండాలో చాలా గంభీరంగా చెబుతాను. ఆనాటి వీడియో ఇంకా నా దగ్గర ఉంది. నేను రిమోట్ వదిలేసినా డ్రోన్ ఉన్నచోటే గాలిలో నిలబడి తీస్తూ ఉండిపోయింది. అందులో పందెం సరిగా లేదు. ఒక బక్క పోరగాడు మాత్రం రెండుసార్లు పడి లేచి, ఒక చెప్పు పోగొట్టుకుని, మామ దిక్కు ఉరుకుతుంటాడు. అంత ఖరీదైన యంత్రం ఏమైందోనని ఒక్కసారైనా తలెత్తి చూడడు. వాడిని తిట్టుకుందామనే వీడియో పెడతాను, కానీ తిట్టడానికి నోరు రాదు.