అక్క ఇంట్లో సగం విత్తనాలు

వాతావరణ మార్పులను పేద దేశాలు ఎలా తట్టుకోవాలన్న సదస్సు కోసం శ్రీకాకుళం నుంచి రైతుల తరఫున శామీర్‌పేట వెళ్లాను. చివరి రోజు మేడ్చల్ బస్సులో నా పక్కన ఖాళీ గుడ్డసంచితో ఒకామె కూర్చుంది. ముందు రోజు వడగళ్లకు ఆమె వేసిన పాలకూర, కొత్తిమీర అంతా నేలపాలైందట.

"పోతే పోయింది సార్. మా అక్క కాడికి పోయి ఇత్తనాలు తెచ్చి, రేపే మళ్ల సల్లుత. ఎప్పుడూ నాయి సగం ఆమె ఇంట్ల, ఆమెయి సగం నా ఇంట్ల పెట్టుకుంటం," అంది.

"మరి మీ ఇంట్లో ఉన్న అక్క విత్తనాలే చల్లొచ్చు కదా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "గవి అక్కకు ఆపదొస్తే ఇయ్యనీకి. నేనెట్ల ముట్టుకుంట?" నేనూ రైతునేనని విని అడిగింది, "మీ ఇత్తనాలు ఎవరింట్ల ఉన్నయ్ సార్?"

అన్నీ మా ఇంట్లోనే పెట్టుకుంటే, తుఫాను నీళ్లలో బస్తాలకు బస్తాలు కుళ్లిపోయిన సంగతి చెప్పాను.

సదస్సులో చేసిన తీర్మానాలు ఏమయ్యాయో నాకు తెలియదు. నేను మాత్రం ఇంటికి రాగానే విత్తనాల్లో సగం మూటగట్టి, మెట్ట మీది ఊళ్లో ఉండే మా చెల్లెలికి ఇచ్చాను. వస్తూ వస్తూ ఆమె విత్తనాల్లో సగం మూట తెచ్చుకున్నాను.