మేరీమాత మీద గళ్ళు

తెలియని సంగతి తెలిసినవాడిలా మాట్లాడాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

బస్సులో నా పక్కన కూర్చున్న నర్సు ఒడిలో మేరీమాత బొమ్మ ఉంది. పాతకాలపు ఇటలీ చిత్రకారుడి గీతలకు అచ్చుప్రతి అట. బ్రూక్‌ఫీల్డ్‌లో వాళ్ళ చర్చికి కానుకగా తీసుకెళ్తోంది. బాలయేసు కాళ్ళు సగంలో ఆగిపోయాయి. బొమ్మంతా గళ్ళు.

"సగం బొమ్మ అంటగట్టారమ్మా. గళ్ళు కూడా చెరపలేదు," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. వెంటనే ఆ బొమ్మ కొన్న బళేపేట అంగడికి ఫోన్ చేసింది.

"పదేళ్ళుగా నమ్మాను కదన్నయ్యా. దేవుడి బొమ్మలో కూడా మోసమేనా?"

"మోసం లేదమ్మా, అది ఉండేదే అట్ల..."

అంగడాయన గొంతు నాకూ వినిపించింది. ఆమె వినకుండా పెట్టేసింది. బొమ్మను సీట్లోనే వదిలేసి దిగిపోయింది.

అట్ట వెనక రాసింది అప్పుడు చదివాను. బలిపీఠం వెనక పెట్టే పెద్ద చిత్రానికి ముందుగా వేసుకున్న నమూనా అది. పెద్దది చేయడానికి ఆ గళ్ళు చిత్రకారుడే గీసుకున్నాడు.

ఆదివారం బొమ్మ పట్టుకుని బ్రూక్‌ఫీల్డ్ చర్చిలన్నీ తిరిగాను. మూడోచోట ఆమె కనిపించింది. అంతా విన్నది.

"మీ మాట నమ్మి అంగడి అన్నయ్యని దొంగని చేశానండీ," అని, అంగడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"తప్పు నాదప్పా," అన్నాను.