మా గల్లీలో మొదటి సూది

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో పెద్దబాపు తమ్ముడు చనిపోయాడు. పెద్దబాపు అంటే పెదనాన్నే అయినా, ఆయన మాకు చుట్టం కాదు. కరీంనగర్ వైపు నుంచి మా అందరికంటే ముందు సూరత్ వచ్చి, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసి, అక్కడే డిండోలిలో ఇల్లు కట్టుకున్న మనిషి. అందుకే గల్లీలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆయన పెద్దబాపే. తమ్ముడికి జ్వరం వస్తే ఇంట్లోవాళ్లు బయటికి పొక్కనివ్వలేదు. తెలిస్తే దవాఖానకు తీసుకుపోతారని, తీసుకుపోతే మళ్లీ ముఖం కూడా చూడనివ్వరని భయం. మందుల షాపు నుంచి గోలీలు తెచ్చి మింగించారు. ఊపిరి ఆడకపోయేసరికి ఆటో ఎక్కించారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఆ తరువాత మా గల్లీలో ఎవరైనా దగ్గితే పక్కింటి తలుపు మూసుకునేది. దగ్గినవాళ్లు కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయేవాళ్లు. నేను మా ఇద్దరు పిల్లల నుదుళ్లు రోజుకు ఎన్నిసార్లు తడిమేదాన్నో నాకే తెలియదు.

నేను సూరత్‌లోనే పెరిగాను. మున్సిపాలిటీ బడిలో ఏడో తరగతి దాకా గుజరాతీలో చదువుకున్నాను. మా ఆయన సాంచాల కార్ఖానాకు పోతాడు. నేను ఇంట్లో కూర్చుని చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరిస్తాను. గుజరాతీ చదవడం వచ్చు కాబట్టి కరెంటు బిల్లులో ఏముందో చెప్పమని, దవాఖానకు తోడు రమ్మని గల్లీలో ఆడవాళ్లు నన్ను పిలుస్తుంటారు.

వానలు మొదలయ్యాక పెద్ద రోడ్డు మీది బడిలో టీకాలు వేయసాగారు. మా గల్లీ నుంచి ఒక్కరూ పోలేదు. సూది వేసుకుంటే పిల్లలు పుట్టరని, రెండేళ్లలో చచ్చిపోతారని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. మున్సిపాలిటీ నర్సు ఒకావిడ ఇంటింటికీ వచ్చి హిందీలో చెప్పేది. మేమంతా ఆమెను బెన్ అనేవాళ్లం, గుజరాతీలో అక్కా అన్నట్టు. ఆమె చెప్పినంతసేపూ తల ఊపి, ఆమె అటు తిరగగానే తలుపులు వేసుకునేవాళ్లు. ఒకరోజు ఆమె మా గుమ్మంలో కూలబడి మంచినీళ్లు అడిగింది.

"మీవాళ్లు నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. నువ్వైనా మీ భాషలో చెప్పరాదా?" అంది గుజరాతీలో.

"నా మాట ఎవరు వింటారు బెన్?"

"నా మాటైతే అసలే వినడం లేదు కదా. వేసవిలో ఏం జరిగిందో నువ్వూ చూశావు. మళ్లీ అలాగే వస్తే ఏ దవాఖానలోనూ మంచం దొరకదు. మందు పంపడం వరకే సర్కారు పని. వేసుకోవడం మన పనే."

మరునాడు నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ నాకు తెలిసినంతలో చెప్పాను. అందరూ విన్నారు. ఎదురింటి వదిన బిందె పక్కకు జరిపి, "మరి నువ్వు ఏసుకున్నవా?" అని అడిగింది.

"లేదు."

"గట్లయితే మాకెందుకు చెప్తున్నవ్?"

ఆమె కోపంగా అనలేదు. అయినా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేనెందుకు వేసుకోలేదో నాకు తెలుసు. ఆ వీడియోలు నేనూ చూశాను.

నేను సూది వేసుకుంటానని ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయనకు దేశమంటే ప్రాణం. పంద్రాగస్టుకు గల్లీలో జెండా కర్ర పాతేది ఆయనే. లాక్‌డౌన్‌లో పళ్లేలు మోగించమన్నప్పుడు డాబా ఎక్కి అందరికంటే గట్టిగా మోగించాడు. కానీ నా మాట వినగానే ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

"దేశానికి నువ్వొక్కదానివే దొరికినవా? నీకేమన్నయితే పిల్లల సంగతేంది?"

"ఎవరో ఒకరు ముందల పోవాలె కదా."

"గా ఎవరో నువ్వే ఎందుకు కావాలె?"

"బెన్ నన్నే అడిగింది. నాకు గుజరాతీ వస్తదని అడిగింది," అన్నాను. అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఆయన మరునాడు పొద్దున కార్ఖానాకు ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, బండి మీద నన్ను బడి దాకా దింపాడు. లోపలికి మాత్రం రాలేదు. గేటు అవతలే నిలబడ్డాడు. సూది దిగినప్పుడు చీమ కుట్టినట్టే ఉంది. తరువాత కాసేపు కూర్చోమన్నారు. ఆ బెంచీ మీద కూర్చుంటే గుండె దడ నాకే వినిపించింది. ఒళ్లంతా చెమటలు. అది మందు వల్లనా, భయం వల్లనా తెలియలేదు.

ఇంటికి వచ్చాక చీరల మూట గుమ్మంలోకి లాక్కుని, అందరికీ కనబడేటట్టు కూర్చుని దారాలు కత్తిరించాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నా ముఖంలోకి చూసి పోయారు. ఆ పూట బాగానే గడిచింది. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది. దంచి పోసినట్టు కీళ్లన్నీ నొప్పులు. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మా ఆయన నా నుదుటి మీద చేయి పెట్టి వెంటనే తీసేశాడు. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"నువ్వు బయటికి రాకు. ఎవరన్నా అడిగితే ఉధనాల ఉన్న మీ అమ్మోళ్లింటికి పోయినవని చెప్త."

"ఎందుకు?"

"జ్వరమొచ్చిందని తెలిస్తే ఇంకొక్కలు పోతరా? నువ్వు చేసిందంత గంగల కలుస్తది."

వద్దన్న మనిషే ఇప్పుడు నా కోసం అబద్ధం ఆడటానికి సిద్ధపడ్డాడు. ఆయన మాట నిజమేననిపించింది. దుప్పటి కప్పుకుని పడుకుంటే ఎవరికీ తెలియదు, తగ్గాక లేచి నవ్వుతూ నీళ్లకు పోవచ్చు. కానీ తగ్గకపోతే?

"పెద్దబాపు ఇంట్ల గూడ గిట్లనే గడియ పెట్టిన్రు," అన్నాను.

ఆయన పోయి గడియ తీశాడు.

దుప్పటి కప్పుకుని గుమ్మంలో కూర్చున్నాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు దూరంగా ఆగారు. "సూది ఏసుకున్నంక జ్వరమొచ్చింది. ఒకటి రెండు రోజులు ఉండొచ్చని బెన్ ముందే చెప్పింది," అన్నాను. "నేను చెప్పలే?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఎదురింటి వదిన తన పిల్లల్ని లోపలికి పిలుచుకుంది.

కాసేపటికి పెద్దబాపు వచ్చాడు. "మా తమ్మునికి గూడ గిట్లనే మొదలైంది బిడ్డా," అన్నాడు.

"రేపటికి తగ్గకుంటే దవాఖానకు పోత పెద్దబాపూ. దాచిపెట్ట," అన్నాను.

ఆయన ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, ఎదురుగా రేకుల కింద వేసుకుని కూర్చున్నాడు. వాన పడుతున్నా కదలలేదు. అన్నానికి పోయి మళ్లీ వచ్చాడు. ఆయన ఉండటం ధైర్యంగానూ ఉంది, శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడేమోనని వణుకుగానూ ఉంది. బెన్‌కు ఫోన్ చేస్తే జ్వరం గోలీ వేసుకుని నీళ్లు బాగా తాగమంది. దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. లేవని చెప్పాను. చెబుతూనే ఊపిరి గట్టిగా పీల్చి చూసుకున్నాను. నేను పోతే నా పిల్లలు తల్లి లేనివాళ్లు కావడమే కాదు, ఈ గల్లీలో ఇంకెవరూ ఆ బడి మెట్లెక్కరు అనే ఆలోచన రోజంతా నన్ను వదలలేదు.

దీపాలు పెట్టే వేళకు చెమట పట్టి జ్వరం దిగింది. ఆకలి వేసింది. మరునాడు బిందె తీసుకుని నల్లాకు పోయాను. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. పెద్దబాపు మాత్రం ఇంట్లోకి పోయి ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని వచ్చాడు.

"జర బడి దాక తోడు రా బిడ్డా. నాకు వాళ్ల మాటలు సరిగ్గ తెల్వయి."

ఆ తరువాత ఇద్దరూ ముగ్గురూ కలిసి పోసాగారు. నా భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నా మాట మీద పోయిన ప్రతి మనిషీ మరునాడు తలుపు తీసేదాకా నాకు నోట్లో ముద్ద దిగేది కాదు. ఎదురింటి వదినకు జ్వరం త్వరగా తగ్గలేదు. వాళ్ల అత్త మా గుమ్మం ముందు నిలబడి, "నా కోడలికేమన్నయితే నిన్ను ఇడువ," అని తిట్టింది. నేను గంజి కాచి తీసుకుపోయి వదిన పక్కన కూర్చున్నాను. ఆమె కోలుకుంది. రెండిళ్లవాళ్లు చివరిదాకా వేసుకోలేదు. మా ఆయన మిగతా అందరూ వేసుకున్నాక, ఎవరికీ చెప్పకుండా పోయి వేసుకుని వచ్చాడు.

ఆ చలికాలంలో కరోనా మళ్లీ వచ్చింది. చాలా ఇళ్లలో జ్వరాలు. ఈసారి మా గల్లీలో ఎవరూ చనిపోలేదు. అది సూది వల్లనో, జబ్బే మెత్తబడిందో చెప్పేంత చదువు నాకు లేదు. ఒక పొద్దున పాలకు పోతుంటే ఎదురింటి వదిన కిటికీ తెరిచి గల్లీ అంతా వినబడేటట్టు అరిచింది.

"వదినా, మా ఇంట్ల అందరికీ జ్వరాలు. ఇటు రాకు. మాకు గూడ పాలు తెచ్చి గడప కాడ పెట్టు."

పాలు తెచ్చి పెట్టి, దూరంగా జరిగి, ఆమె తలుపు తీసేదాకా నిలబడ్డాను.