టేపక్క డాక్టరు కోటు కొలిచిన రోజు

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అందుకే ఆడవాళ్ల బట్టలు కుట్టే ఆవిడకి వీధంతా కలిసి పెట్టిన పేరు టేపక్క. వయసు ఇరవై ఎనిమిది. నోరు మాత్రం ఊరంత. "చేతులెత్తమ్మా, సిగ్గుపడితే కొలత తప్పుతుంది" అంటూ ఎంతటి మొహమాటస్తురాలినైనా క్షణంలో కొలిచేసేది.

అలాంటి మనిషికి ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. అంతే, నోరు మూతపడింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు ఒక గౌనుకి రెండు చేతులూ ఒకే పక్క కుట్టేసింది.

అత్తగారు మిషను ఆపించింది. "ఏమైందే నీకు?"

చెప్పక తప్పలేదు. ఆవిడ అప్పటికప్పుడే చెప్పులేసుకుంది. "పద. మా అక్క ఇలాగే సిగ్గుపడి ఏడాది దాచింది. ఆనక మాకు ఏడవడం తప్ప ఏం మిగల్లేదు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ "చేతులెత్తండి" అంది. టేపక్క చేతులు లేవలేదు. కంగారులో ఆమె చూపు డాక్టరమ్మ తెల్లకోటు మీద పడింది.

"ఎవరు కుట్టారండీ ఇది? భుజం అంగుళమున్నర జారిపోతోంది!" అంటూ టేపు తీసింది. డాక్టరమ్మ చేతులు చాపి నిలబడింది.

తలుపు సందులోంచి అత్తగారు తొంగిచూసింది. "ఇక్కడ ఎవరు ఎవర్ని పరీక్ష చేస్తున్నారమ్మా?"

ముగ్గురూ నవ్వేశారు. ఆ నవ్వులోనే టేపక్క చేతులు లేచాయి.

స్కానింగు తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత చల్లని కబురు వచ్చింది. ప్రమాదం లేని గడ్డే.

"మీ వయసులో చాలావరకు ఇలాంటివే. కానీ ఏది ఏమిటో పరీక్ష చేస్తేగానీ తేలదు. గడ్డగానీ, చర్మం లోపలికి లాగినట్టుగానీ, చనుమొన నుంచి రక్తంగానీ కనిపిస్తే ఆగకండి" అని, డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మీ సొంతక్క ఇలాగే పోయారని మొదటి రోజు చెప్పారు కదా? మరి మీరెప్పుడు చూపించుకున్నారు?"

"నాకు బస్సు టైమవుతోందమ్మా!" అని లేవబోయిన అత్తగారిని టేపక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

రొమ్మును పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే, అదే మామోగ్రామ్, తీయించుకుని బయటికొచ్చిన ఆవిడ, "చపాతీ వత్తినట్టు వత్తేశారే నన్ను!" అని దారంతా సణిగింది. రిపోర్టులో మాత్రం ఏ లోపమూ లేదు. మర్నాటి నుంచి కొట్టు బెంచీ మీద కూర్చుని, కొలతలకొచ్చిన ప్రతి అమ్మాయికీ ఆ కథే చెప్పడం మొదలెట్టింది. వద్దన్నా వినదు.