గోనెపట్టా మీద మిగిలిన బోల్టు

మొన్న ఆదివారం పొద్దున మా మేస్త్రీ పోయాడు. చర్చికి వెళ్దామని తెల్లచొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. కబురు చెప్పే పని ఆయన భార్య, మా వదిన, నాకు అప్పజెప్పింది. ఆమె చేసిన పొరపాటు అదే. నేను ఫోన్ చేస్తే ఒక్కరూ నమ్మలేదు. "పొద్దుగాల్నే గిదేం ఆటరా, నీ నోట్లె మన్ను వొయ్య," అని స్పేర్ పార్ట్స్ షాపాయన ఫోన్ పెట్టేశాడు. ఇంకొకాయన నవ్వి, "మేస్త్రీకియ్యి, నేనే మాట్లాడుతా," అన్నాడు. వాళ్ళ తప్పు లేదు. మేస్త్రీకి లాటరీ తగిలిందని ఒకసారి, కలెక్టరు జీపు బాగుచేయడానికి రమ్మంటున్నారని ఇంకోసారి ఊరంతా చాటింపు వేసినవాణ్ణి నేనే. చివరికి ప్రతిసారీ వదినే ఫోన్ అందుకుని, "నిజమేనయ్యా," అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఆమె చేత అన్నిసార్లు అనిపించాను. నా ఆటలన్నిటికీ కలిపి పడిన శిక్ష అది.

బూర్గంపాడులో రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు ఆయనది. దాన్ని ఆనుకున్న వెల్డింగ్ షాపు నాది. మీలో ట్రాక్టరు ఉన్నవాళ్ళకు ఆయనను నేను పరిచయం చేయనక్కర్లేదు. అడవి పల్లెల నుంచి బండి తోసుకొచ్చిన వాళ్ళతో కోయభాషలోనే మాట్లాడేవాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం వినేవాడు. ఒకసారి ఆ పిడికి గ్రీజు పూశాను. మరునాడు ప్రార్థనలో కూడా ఆయన కుడిచెవి నల్లగానే ఉంది. పాస్టరుగారు అడిగితే, "పక్కషాపోని ఆశీర్వాదమండీ," అన్నాడట.

ఆయన పద్ధతి ఒకటుంది. ఏ బండి విప్పినా నేల మీద గోనెపట్టా పరిచి, ఊడదీసిన బోల్టులను ఊడదీసిన వరుసలోనే పేర్చేవాడు. బిగించేటప్పుడు చివరి నుంచి మొదటికి వచ్చేవాడు. ఆ పట్టాను ఎవరూ దాటకూడదు. "బోల్టు మిగిలిందంటే యాడ్నో ఓ రంధ్రం ఏడుస్తున్నట్టే," అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "ఇప్పిన చెయ్యే బిగించాలె." తను విప్పిన ఇంజనుకు ఇంకొకరి పానా తగలనిచ్చేవాడు కాదు.

నాలుగేళ్ళ కింద ఏన్కూరు నుంచి ఒక పెద్దరైతు లారీ మీద కారు తెచ్చాడు. ఇద్దరే కూర్చునే పాత స్పోర్ట్స్ కారు, ముక్కు పొడుగ్గా, నేలను కరుచుకుని ఉంది. వాళ్ళ నాన్నగారిదట. ఇంజను పగిలిపోయింది. దాని పక్కనే గోనెసంచిలో చుట్టిన వేరే ఇంజను ఉంది. ఓడరేవు స్క్రాపులో దొరికిన జపాను సరుకు, టర్బో ఉన్న రోటరీ.

"సిటీలో ఇద్దరికి చూపించానండీ," అన్నాడు రైతు. "ఇది దాంట్లో కూర్చోదన్నారు. బూర్గంపాడులో మేస్త్రీ ఉన్నాడంటే, ట్రాక్టర్ మెకానిక్‌తో అయ్యే పనేనా అని నవ్వారండీ."

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "నవ్వనియ్యుండి సార్. ఇది నడుచుకుంట మీ ఇంటికి రాకపోతే నా బోర్డు దించుత."

నేను పక్కకు లాగి అడిగాను. "మేస్త్రీ, రోటరీ అంటే ఏందో తెల్సా నీకు?"

"తెల్వది. నీకు?"

"నాకు ఎనిమిదో తరగతే తెల్వది."

"అయితే ఇద్దరం కలిసి నేర్చుకుందాం పా."

విప్పితే పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నున్నటి గూటిలో మూడు మూలల ఇనుపముద్ద తిరుగుతుంది. అలాంటివి రెండు. ప్రతి మూలకూ సన్నటి పట్టీ, దాని కింద గడ్డిపరకంత స్ప్రింగు. మేస్త్రీ అలవాటుగా స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. "స్టార్టు కాని ఇంజన్ల ఏం వింటున్నవ్?" అంటే, "కొత్త కోడలు. ముందు మనం అలవాటు కావాలె గద," అన్నాడు.

ఇంజనుకీ పాత గేరుబాక్సుకీ రంధ్రాలు కలవలేదు. బిస్కెట్ల అట్టపెట్టె చింపి, రెండింటి ముఖాలకూ గ్రీజు పూసి అట్ట మీద అచ్చు తీశాడు. ఆ అచ్చు ప్రకారం మధ్యలో పెట్టే ఇనుపపలక కోసింది నేను. ఒక్క రంధ్రం కూడా పక్కకు పోలేదు. ఇక్కడ కాస్త నా డప్పు కొట్టుకోనివ్వండి. లోపలి గోడలకు నూనె అందించే చిన్న పంపు స్క్రాపులోనే పోయింది. దానికి ఆయన రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. "మోపెడ్ల పెట్రోల్ల ఆయిల్ కలిపి పోస్తలేమా? దీనికి గంతే." తర్వాత తెలిసినవాళ్ళు చెప్పారు, దేశదేశాల్లో రోటరీవాళ్ళు చేసేదీ అదేనట.

ఇంజను మూసేశాడు. గొలుసుకు కట్టి కారులోకి దించడమే తరువాయి. రైతుకు ఫోన్ చేసి అయిపోయిందని కూడా చెప్పాడు. మేస్త్రీ అన్నానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి ఊరుకోలేదు. ఖాళీ గోనెపట్టా మీద ఒక బోల్టు పెట్టి వచ్చాను.

మేస్త్రీ వచ్చి చూశాడు. బోల్టు తీసి, వేళ్ళ మధ్య తిప్పి, ఇంజను వైపు చూశాడు. "ఇప్పుదాం," అన్నాడు.

ఓ గంట వెతుక్కుంటాడు, నవ్వుకుందాం అనుకున్నాను. మొత్తం విప్పాడు. మూడు రోజులు. చెప్పేద్దామని రోజూ నోరు తెరిచాను, చెప్పలేక టీ తెచ్చిచ్చాను. మూడోరోజు మధ్యాహ్నం వెనక ముద్దలో ఒక మూల దగ్గర ఆగిపోయాడు. పట్టీ కింద స్ప్రింగు తిరగబడి ఉంది. అట్లాగే స్టార్టు చేసి ఉంటే పట్టీ విరిగి, గూడు గీరుకుపోయి, ఇంజను మళ్ళీ స్క్రాపుకే. దాంతోపాటు ఆయన బోర్డు కూడా.

"సూడు," అన్నాడు స్ప్రింగును వెలుతురులో పట్టి. "ఏడుస్తున్నది దొరికింది."

స్టార్టు చేసిన రోజు ఎంత పొగ వచ్చిందంటే, పంచాయతీవాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని ఇడ్లీబండి ఆమె గిన్నెలన్నీ మూసింది. పొగ పోయాక చప్పుడు మిగిలింది. ట్రాక్టరుది కాదు, లారీది కాదు, మా రోడ్డు అదివరకు విననిది. మేస్త్రీ నడిపాడు, పక్కన నేను. అడవి దారిలో టర్బో అందుకుంటే ఎవరో చొక్కా పట్టి వెనక్కి గుంజినట్టయింది. ఆయన మాత్రం ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ, టేకుచెట్ల మధ్య నుంచి పత్తిచేల మధ్యకు వచ్చేదాకా గేరు మీది చెయ్యి తీయలేదు.

ఏన్కూరులో ఇంటి ముందు ఆపితే రైతు బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయాడు. మేస్త్రీ అన్నాడు, "సార్, ఆ సిటీవాళ్ళకు ఫోన్ కలపండి."

"ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్పకుండి. ఊకె ఇంజన్ కాడ పెట్టుండి."

రైతు అట్లాగే పెట్టాడు. అవతలి నుంచి "హలో, హలో" అంటున్నారు. మేస్త్రీ యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాడు. ఆయన గర్వపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ కాలితో.

తిరిగి బస్సులో వస్తూ ఒప్పేసుకున్నాను. "మేస్త్రీ, ఆ బోల్టు నేనే పెట్టిన."

"అవ్. ట్రాక్టర్ మడ్‌గార్డు బోల్టు. జిందగంత గవే ఇప్పుతున్న, నాకు తెల్వదా?"

"తెల్సి ఎందుకిప్పినవ్?"

కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "మూసినప్పటి సంది ఆ స్ప్రింగు మీదనే మనసు కొడుతుండె. సార్‌కు అయిపోయిందని చెప్పి మళ్ళ ఇప్పాలంటే నామోషీ. నువ్వో సాకు తెచ్చి పెట్టినవ్." నా వైపు తిరిగి, "అయినా మూడు రోజులు నీ మొఖం చూసుకుంట పనిచేసుడు మస్తుగుండె," అన్నాడు.

సోమవారం సమాధి కార్యక్రమానికి ఏన్కూరు రైతు ఆ కారులోనే వచ్చాడు. గేటు దగ్గర ఆ చప్పుడు ఆగేదాకా పాస్టరుగారు ప్రార్థన ఆపారు.

మరునాడు వదిన షెడ్డు తాళం ఇచ్చింది. లోపల సగం విప్పిన ట్రాక్టరు, దాని ముందు గోనెపట్టా, వరుసగా బోల్టులు. ఆ ట్రాక్టరు తెచ్చినాయనకు దుక్కి ఆగిపోయింది. విప్పిన చెయ్యి ఇక రాదు. కాబట్టి ఆయన మాట మొదటిసారి మీరి, ఆయన పానాతో, చివరి నుంచి మొదటికి నేనే బిగించాను. వరుస ఎక్కడా తప్పలేదు.

అన్ని రంధ్రాలూ నిండాక పట్టా అంచున ఒక బోల్టు మిగిలింది. తీసి చూశాను. ఆనాడు నేను పెట్టిన మడ్‌గార్డు బోల్టే. నాలుగేళ్ళయినా తుప్పు చుక్క లేదు. దాని మీద ఆయన పూసిన నూనె ఇంకా తడిగానే ఉంది.